సరిహద్దులు దాటు రైలుబండి

ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమనున్న సముద్రము డోవరు పట్టణమునొద్ద మిక్కిలి యిరుకైనది. అచ్చట దాని వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు మాత్రమే. ఆకాశము నిర్మలముగా నున్న దినమున ఈ యొడ్డున నిలిచినవారికి ఆవలి యొడ్డు కానవచ్చును. అయినను తరతరములుగా జనులు గాలివానలకు జంకుచు ఓడలపైననే రాకపోకలు సాగించిరి. 1802లో ఆల్బెర్ మాత్యూ అను ఫ్రెంచి ఇంజనీరు సముద్రము క్రింద సొరంగము త్రవ్వి, అందు దీపములు వెలిగించి గుఱ్ఱపు బండ్లు నడపవచ్చునని సూచించెను. 1880 తరువాత రెండు తీరములనుండియు త్రవ్వకము నిజముగనే ఆరంభమయ్యెను; కాని శత్రుసేనలు ఆ మార్గమున వచ్చి పడునేమోయను భయము ఇంగ్లండున ప్రబలుటచే 1882లో పని నిలిచిపోయెను. మఱి నూఱేండ్లు గడచిన పిదప గాని ఆ కోరిక నెఱవేరలేదు. 1994 మే 6వ తేదీన ఎలిజబెత్ రాణియు, ఫ్రాన్సు అధ్యక్షుడగు మితెరాన్ గారును కలిసి సొరంగమును ప్రారంభించిరి. దాని పొడవు 50 కిలోమీటర్లకు పైచిలుకు. అందు సుమారు 38 కిలోమీటర్లు సముద్రము క్రిందనే యున్నది.

సొరంగము త్రవ్విన వారి పేరు లోకమంతయు వినెను. కాని దారి యున్నంత మాత్రమున ప్రయాణము కాదు గదా! ఆ దారిని లండనునుండి పారిస్‌నకును, బెల్జియము రాజధానియైన బ్రసెల్స్‌నకును ఎక్కిన పెట్టె దిగకుండ జనులను కొనిపోగల బండి యొకటి కావలసి యుండెను. అట్టి బండి అంతకుముందు ఎచ్చటను లేదు. దానిని నిర్మించుట యొక యెత్తు, నిర్మించిన దానిని పరీక్షించి, నమ్మి, జనులను ఎక్కించుట మఱియొక యెత్తు.

మొదటి చిక్కు విద్యుత్తు. ఫ్రాన్సు దేశపు వేగమార్గముపై బండికి తలమీది తీగనుండి 25,000 వోల్టుల ఏకాంతర ప్రవాహము లభించును. బెల్జియము పాత మార్గములపై తలమీది తీగయే యున్నను, దానియందు పాఱునది 3,000 వోల్టుల ఏకముఖ ప్రవాహము. దక్షిణ ఇంగ్లండున తీగయే లేదు; పట్టాల ప్రక్కన నేలమీద మూడవ పట్టా యొకటి పఱచి, దానియందు 750 వోల్టుల ఏకముఖ ప్రవాహము నింపిరి. ఈ భేదమెట్టిదో మన దేశపు చరిత్రను బట్టి కొంత గ్రహింపవచ్చును. 1925లో బొంబాయియందు విద్యుత్ రైళ్లు 1,500 వోల్టుల ఏకముఖ ప్రవాహముతో మొదలైనవి. పిదప దేశమందు మిగిలిన చోట్ల 25,000 వోల్టుల ఏకాంతర ప్రవాహమును స్వీకరించిరి. రెండు పద్ధతులును కలియు స్టేషనులలో చాలకాలము బండిని నిలిపి ఇంజను మార్చవలసి వచ్చెడిది. ఒక్క దేశములోనే ఇంత చిక్కు! మూడు దేశముల బండికి సరిహద్దు సరిహద్దునను ఇంజను మార్చుచు పోయినచో వేగమునకు అర్థమేమి? కావున మూడు విధములైన విద్యుత్తును తానే గ్రహించి, నడుచుచుండగనే ఒకదానినుండి మఱియొకదానికి మాఱగల యంత్రమును ఇంజనీర్లు నిర్మించిరి. సొరంగము దాటి ఇంగ్లండులో బయల్పడినప్పుడు డ్రైవరు పైనున్న పాంటోగ్రాఫును దింపి, క్రిందనున్న లోహపు పాదములను మూడవ పట్టాపైకి దించవలెను. తిరుగు ప్రయాణమున ఆ పాదములను మఱవక ఎత్తుకొనవలెను.

రెండవ చిక్కు కొలతలది. బ్రిటనులోని వంతెనలు, సొరంగములు, ప్లాట్‌ఫారములు చాల పూర్వము కట్టినవి. వాని నడుమ ఖండాంతర రైలుపెట్టెలు పట్టవు. అందుచే క్రొత్త బండిని ఫ్రాన్సు బండ్లకంటె సన్నముగా చేయవలసి వచ్చెను. ప్లాట్‌ఫారముల యెత్తు కూడ దేశదేశమునకు వేఱు. ఇంగ్లండులో తలుపు తెఱచి నేరుగా అడుగు పెట్టవచ్చును. ఫ్రాన్సులో రెండు మెట్లు దిగవలెను. కనుక తలుపుల క్రింద కదలు మెట్లను అమర్చిరి. ఒక్క విషయమున మాత్రము అదృష్టము కలిసివచ్చెను. రోడ్లపై ఇంగ్లండు వాహనములు ఎడమవైపునను, ఫ్రాన్సు వాహనములు కుడివైపునను నడచును గాని, రైళ్లు మాత్రము రెండు చోట్లను ఎడమవైపుననే నడచును. ఫ్రాన్సున మొదటి రైలుమార్గములు వేయుటలో ఆంగ్ల ఇంజనీర్లు పాల్గొనుటయే దీనికి కారణమందురు.

మూడవది సంజ్ఞల సంగతి. గంటకు 300 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 83 మీటర్లు. ఆ వేగమున పోవు డ్రైవరు దారిప్రక్కనున్న సిగ్నలును చూచి గుర్తింప నలవి కాదు. గుర్తించినను, అంతటి బండి నిలుచుటకు మూడు కిలోమీటర్లకు పైగా పట్టును. అందువలన వేగమార్గములపై సంజ్ఞలు పట్టాల ద్వారమున డ్రైవరు గదిలోనికే వచ్చి, ఎంత వేగమున పోవలెనో అంకెలలో చూపును. ఇంగ్లండు పాత మార్గములపై మాత్రము కంబముల మీది ఎఱ్ఱ, పచ్చ దీపములనే చూచుకొనవలెను. ఈ దేశపు పద్ధతులు, ఆ దేశపు పద్ధతులు అన్నియు ఒకే గదిలో ఇమిడినవి. డ్రైవరులు ఆంగ్లము, ఫ్రెంచి రెండును నేర్చుకొనిరి.

ఇన్ని భారములను మోయు బండి 20 వాహనములుగా, 394 మీటర్ల పొడవున తయారయ్యెను. అది రెండు చివరలను ఒక్కొక్క ఇంజనును, నడుమ 18 పెట్టెలును గలది. ఈ పొడవు ఊరక యేర్పడినది కాదు. సముద్రము క్రింద రెండు రైలు సొరంగములును, వాని నడుమ ఒక సేవాసొరంగమును గలవు. అగ్నిప్రమాదము సంభవించినచో ప్రయాణికులు పాఱిపోవుటకు సేవాసొరంగములోనికి ప్రతి 375 మీటర్లకు ఒక అడ్డదారి యేర్పఱచిరి. బండి అంతకంటె పొడవుగా నుండి, పెట్టెనుండి పెట్టెకు నడచుటకు వీలున్నచో, అది ఎచ్చట నిలిచినను ఏదో యొక తలుపు అడ్డదారి దాపుననే యుండును. అంతియే గాక, బండిని నడుమ విడదీయవచ్చును. ఒక సగమున అపాయము కలిగినచో అందఱిని రెండవ సగములోనికి చేర్చి, మంచి సగము తన ఇంజనుతో తాను బయటపడవలెనని వారి యాలోచన.

1993 జూన్ 20వ తేదీన మొదటి పరీక్షాబండి సొరంగము గుండ ఇంగ్లండు చేరెను. అప్పటినుండి ఏడాదికి పైగా పరీక్షలు సాగినవి. క్రొత్త వేగరైలును ఎట్లు పరీక్షింతురో తెలిసికొనదగును. ప్రయాణికులతో నడుపదలచిన వేగముకంటె నూటికి పది వంతులు ఎక్కువగా నడిపి చూతురు. చక్రముల యదురును, ఇరుసుల యూగులాటను యంత్రములు వ్రాసికొనుచుండును. పాంటోగ్రాఫు రాచుకొనుచు పోవుటచే తీగయందు అల పుట్టును. ఆ యల బండికంటె ముందు పరుగెత్తవలెను. బండి దానిని అందుకొనినచో తీగ తెగిపోవును. బ్రేకులు ఎండలో పట్టినట్లే వానలోను పట్టవలెను.

ఇంగ్లండులో వీటికంటె సూక్ష్మమైన పరీక్ష యొకటి పట్టుబట్టి జరిపిరి. అచ్చటి మార్గములపై పట్టాలలో స్వల్పమైన విద్యుత్తు పాఱుచుండును. బండి చక్రములు ఆ పట్టాలపైకి వచ్చినపుడు ఆ ప్రవాహము తెగి, వెనుక వచ్చు బండికి ఎఱ్ఱదీపము వెలుగును. క్రొత్త బండి యొక్క ఇంజను వేల వోల్టులతో పని చేయునది. దానినుండి జాఱిన ప్రవాహము పట్టాలలో కలిసినచో, బండి యున్న చోట బండి లేదని సంజ్ఞాయంత్రము భ్రమపడి, ఎఱ్ఱకు మాఱు పచ్చదీపము చూపవచ్చును. వెనుక వచ్చు డ్రైవరు ఆ పచ్చదీపమును నమ్మును. అట్టిది ఎన్నటికిని జరుగదని నిరూపించువఱకు అధికారులు అనుమతి నీయలేదు. ఆలస్యమగుచున్నదని పత్రికలు ఎంత గోల చేసినను వారు చలింపకుండుట మెచ్చదగినది.

1994 నవంబరు 14వ తేదీన యూరోస్టార్ అను పేరుతో ఆ బండి జనులను ఎక్కించుకొని బయలుదేఱెను. లండనునుండి పారిస్ సుమారు మూడు గంటల దారి. ఫ్రాన్సు పొలముల నడుమ గంటకు 300 కిలోమీటర్లు పరుగెత్తిన బండి, సొరంగమున 160కి తగ్గి, కెంటు మండలము చేరినంతనే ఊరిబండ్ల వెనుక మెల్లగా నడువవలసి వచ్చెడిది. ఆంగ్లదేశపు ప్రకృతి సౌందర్యమును తీఱికగా చూడవచ్చునని మితెరాన్ గారు పరిహాసమాడిరి. ఇంగ్లండు వారు ఆ మాటను మఱవలేదు. క్రొత్త మార్గమును రెండు భాగములుగా నిర్మించిరి. మొదటి భాగముపై 2003 జులై 30వ తేదీన పరీక్షాబండి గంటకు 334.7 కిలోమీటర్ల వేగము నందుకొనెను. 2007 నవంబరు 14వ తేదీన రెండవ భాగమును తెఱచి, బండ్లను లండనులోని సెయింట్ పాంక్రాస్ స్టేషనునకు మార్చిరి. ప్రయాణకాలము రెండుంబావు గంటలకు తగ్గెను. మూడవ పట్టాతో పని లేకపోవుటచే లోహపు పాదములను ఊడదీసిరి.

ఇట్లు పదునైదేండ్లు గడచినవి. బండి అన్ని ఋతువులకు అలవాటుపడినదని అందఱును నమ్మిరి. 2009 డిసెంబరు 18వ తేదీ, శుక్రవారము. క్రిస్మసు పండుగ దగ్గఱపడుచున్నది. ఉత్తర ఫ్రాన్సున ఆనాడు కురిసిన మంచు సామాన్యమైన మంచు కాదు. పిండివలె మిక్కిలి సన్నమైనది. ఇంజను గదులలోనికి గాలి పోవు కంతలకు వడకట్టు తెరలుండెను. ప్రతి చలికాలమునకు ముందును వానిని సరిచూచుట వాడుక. కాని పిండిమంచు ఆ తెరలగుండ లోపలికి జొరబడెను. బయట ఉన్నంతసేపు అది పొడిగానే పడియుండెను. బండి సొరంగములోనికి దూఱినంతనే సంగతి మాఱెను. నిరంతరము రైళ్లు తిరుగుటచే సొరంగమునందలి గాలి వెచ్చగా నుండును. బయట గడ్డకట్టు చలి, లోపల వేసవి! మంచు కరగి నీరయ్యెను. చల్లని యంత్రభాగములపై వెచ్చని గాలిలోని తేమ కూడ చెమటవలె పట్టెను. సున్నితమైన విద్యుత్ పరికరములు తడిసి, ఒకటి తరువాత నొకటిగా ఐదు బండ్లు ఆగిపోయినవి.

రెండువేల మందికి పైగా ప్రయాణికులు ఆ రాత్రి చిక్కుకొనిరి. వారిలో పసిబిడ్డలు గలరు, ముసలివారు గలరు. విద్యుత్తు పోవుటచే దీపములు సన్నగిలినవి. గాలిని చల్లబఱచు యంత్రములు ఆగినవి. పెట్టెలలో ఉక్క హెచ్చెను. నీరు, ఆహారము చాలలేదు. అన్నిటికంటె బాధాకరమైనది, ఏమి జరిగినదో, ఎప్పుడు బయటపడుదుమో చెప్పువారు లేకపోవుట. కొందఱు తెల్లవాఱిన చాలసేపటికి గాని లండను చేరలేదు. ప్రాణనష్టము మాత్రము జరుగలేదు. మూడు దినములు రైళ్లు ఆపివేసి, పరీక్షాబండ్లను మంచులో నడిపి చూచి, తెరలను మార్చి, నాలుగవనాడు గాని మరల ఆరంభింపలేదు. క్రిస్టఫర్ గార్నెట్, క్లోడ్ గ్రెస్యే అను ఇరువురు విచారణ జరిపి 2010 ఫిబ్రవరిలో నివేదిక సమర్పించిరి. యంత్రములను మంచునుండి కాపాడుటతో పాటు, ఆపదలో ప్రయాణికులతో మాటలాడు పద్ధతిని కూడ బాగుచేయవలెనని వారు గట్టిగా చెప్పిరి. మంచు తెరల లోపమును పరీక్షాశాలలో కనిపెట్టుట కష్టమే కావచ్చును. కాని ఆగిపోయిన బండిలో కూర్చున్నవారికి నాలుగు మాటలు చెప్పుటకు ఏ యంత్రమును అక్కఱలేదు.

అదే సంవత్సరము అక్టోబరులో జర్మనీ రైల్వేవారు తమ ఐ.సి.ఇ. బండిని సొరంగమునకు తెచ్చి, సుమారు 300 మంది స్వచ్ఛందముగా వచ్చినవారిని ఎక్కించి, వారిని సొరంగములో దింపి, బయటపడుటకు ఎంతసేపు పట్టునో పరీక్షించిరి. ఆ బండి నడుమ విడిపోదు. దాని మోటారులు రెండు చివరల గాక పెట్టెల క్రిందనే యుండును. ప్రయాణికుల పాదముల క్రింద మోటారులుండుట అపాయకరమని పాత నియమములు నిషేధించినవి. ఇతర దేశముల అనుభవమును చూచి అప్పటికి ఆ నియమములను సడలించిరి. జర్మనీవారు తలపెట్టిన ఫ్రాంక్‌ఫర్ట్ సేవ అనుకొన్నప్పటికి మొదలు కాలేదు గాని, అదే జాతి బండ్లను యూరోస్టారు వారు సీమెన్స్ సంస్థయొద్ద కొనిరి. 16 పెట్టెలు, సుమారు 400 మీటర్ల పొడవు, గంటకు 320 కిలోమీటర్ల వేగము గల యీ బండ్లు జర్మనీలోని వెగ్‌బెర్గ్-విల్డెన్‌రాత్ పరీక్షామార్గముపైనను, పిదప మూడు దేశముల పట్టాలపైనను తిరిగి తిరిగి, 2015 నవంబరులో గాని జనులను ఎక్కించుకొనలేదు. ఆర్డరు ఇచ్చినది 2010లో! ఐదేండ్ల ఓపిక అది.

ఈ ఓపిక యొక్క విలువ తెలియవలెనన్నచో పొరుగుననే జరిగిన వేఱొక కథ వినవలెను. నెదర్లాండ్సు రాజధానియగు ఆంస్టర్‌డామునుండి బ్రసెల్స్‌నకు ఫైరా అను పేరుతో వేగరైలును నడుపుటకు రెండు దేశముల రైల్వేలును 2004లో ఇటలీ సంస్థ యొకదానికి ఆర్డరు ఇచ్చినవి. గంటకు 250 కిలోమీటర్లు పోగల బండ్లు మొత్తము 19. అందు డచ్చివారివి 16, బెల్జియమువారివి 3. బండ్లు చెప్పిన గడువుకంటె ఏండ్ల తరబడి ఆలస్యముగా వచ్చినవి. వందలకోట్ల వ్యయముతో వేసిన వేగమార్గము వానికొఱకు కాచుకొని యుండెను. చెక్ దేశములోని వెలిమ్ వద్దనున్న వలయాకారపు మార్గముపై వానిని పరీక్షించిరి, అనుమతులన్నియు లభించినవి. వలయముపై వేగము తెలియును. ఏడాది పొడవున రేయింబవళ్లు నడచినచో ఏమగునో తెలియదు.

2012 డిసెంబరు 9వ తేదీన ఫైరా బ్రసెల్స్‌నకు నడచుట ఆరంభించెను. అదే దినమున, చిరకాలము నమ్మకముగా నడచిన పాత బెనెలక్స్ బండిని రద్దు చేసిరి! క్రొత్త యెద్దు కాడి పట్టునో లేదో చూడకయే పాత యెద్దును సంతకు తోలినట్లయ్యెను. మొదటి దినములనుండియే బండ్లు ఆలస్యమగుట, ఆగిపోవుట సాధారణమయ్యెను. జనవరిలో మంచు కురిసెను. బండ్ల క్రింది భాగమున గడ్డకట్టిన మంచు పెళ్లలుగా రాలి, అడుగు పలకలను దెబ్బతీసెను. ఊడిపడిన పలక పట్టాల ప్రక్కన దొరకెను. ప్రయాణికులను ఎక్కించుకొని ఆఱు వారములైన నిండకముందే, 2013 జనవరి 17వ తేదీన బండ్లన్నిటిని నిలిపివేసిరి. విప్పి చూడగా తుప్పు మొదలైన లోపములు మఱికొన్ని బయల్పడినవి. మే 31వ తేదీన బెల్జియము, జూన్ 3వ తేదీన నెదర్లాండ్సు ఆ బండ్లు తమకు అక్కఱలేదని ప్రకటించినవి. తప్పు తమది కాదని తయారుచేసినవారు వాదించిరి. డచ్చి పార్లమెంటు విచారణసంఘము 2015 అక్టోబరు 28వ తేదీన ప్రకటించిన నివేదికకు పెట్టిన పేరునకు చలిలో నిలిచిన ప్రయాణికుడు అని యర్థము. ఆ దినముననే రైల్వే వ్యవహారములు చూచు సహాయమంత్రిణి పదవిని వదలుకొనెను. బండ్లు మాత్రము వ్యర్థము కాలేదు. వానిని ఇటలీకి తిరిగి పంపి, బాగుచేసి, 2019 నుండి ఆ దేశముననే నడుపుచున్నారు.

యూరోస్టారు క్రొత్త బండ్లు 2018 ఏప్రిల్ 4వ తేదీన లండనునుండి నేరుగా ఆంస్టర్‌డామునకు పోవుట ఆరంభించినవి. ఈసారి యంత్రములన్నియు సరిగా పనిచేసినవి. ఫైరాకొఱకు వేసిన మార్గముపైననే ఇవి పరుగెత్తినవి. అయినను తిరుగు ప్రయాణమునకు ఒక చిక్కు వచ్చిపడెను. ఇంగ్లండునకు పోవువారి పాస్‌పోర్టులను బండి ఎక్కకముందే పరీక్షింపవలెను. దానికి నెదర్లాండ్సునకును ఇంగ్లండునకును నడుమ ఒడంబడిక కావలెను, స్టేషనులో వేఱుగా గదులు కావలెను. అవి రెండును సిద్ధము కాలేదు. అందుచే ఆంస్టర్‌డాములో ఎక్కినవారు వేఱొక బండిలో బ్రసెల్స్ వఱకు వచ్చి, అచ్చట సామానులతో దిగి, వరుసలో నిలిచి, పాస్‌పోర్టు చూపి, లండను బండి ఎక్కవలసి వచ్చెను. గంటకు 320 కిలోమీటర్లు పోగల బండియే యున్నను, రెండు ప్రభుత్వముల సంతకములు ముగిసి, నేరుగా తిరిగివచ్చు బండి 2020 అక్టోబరులో ఆంస్టర్‌డాము ప్లాట్‌ఫారము విడుచువఱకు రెండున్నర సంవత్సరములు పట్టినది.